ఇంకొక్క మునక

తిరిగొచ్చిన పెట్టెలు పదకొండూ హాలు మధ్యలో గోడ కట్టినట్టు నిలబడి ఉన్నాయి. పొద్దుటి నుంచి ఆ ఇంట్లో ముగ్గురూ వాటి చుట్టూ తిరుగుతున్నారే గాని, ఒక్కదాన్నైనా పక్కకు జరిపే ధైర్యం ఎవరికీ కలగలేదు.

“రంగు తప్పిందా? నా నూలుకా?” పెద్దాయన గొంతు వీధి మలుపు దాకా వినబడుతోంది. “ఆ మాటన్నది ఎవరో నా ఎదురుగా వచ్చి అనమను. సముద్రం అవతల కూర్చుని పెట్టెలు తిప్పి కొడితే సరిపోయిందా?”

“మెల్లిగా నాన్నా. వీధంతా వింటోంది.”

“విననీరా! కంటిచూపుతోనే రంగు తేలుస్తానని ముప్పై ఎనిమిదేళ్ల నుంచి ఈ వీధే నన్ను కంటిమేస్త్రీ అని పిలుస్తోంది. ఇవాళ ఇది కూడా విననీ.”

కొడుకు తల పట్టుకున్నాడు. వాడికి కోపం రాక కాదు. పొద్దున్నే బండివాడు పెట్టెలు దించుతుంటే పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు వరసగా గుమ్మాల్లో నిలబడి చూశారు. పంపినప్పుడు కూడా అలాగే చూశారు. అప్పుడు వాడు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

“నాన్నా, మన నూలు కొనే ఆవిడ మగ్గం మీద తివాచీ సగం నేసి ఉంది. ఆ సగమూ మనం రంగద్ది పంపిన ఉన్ని నూలే. మిగతా సగానికి ఇది కలవలేదు. సగం ఒక రంగు, సగం ఒక రంగు అయితే ఎవరు కొంటారు? ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?”

“కిటికీ మార్చుకోమను. వెలుతురు తేడా అయ్యుంటుంది.”

వేరే రోజైతే కోడలు నవ్వేసేది. ఆమె చేతిలో పెట్టెలోంచి తీసిన ఉత్తరం ఉంది. ఉత్తరంతో పాటు తెల్లగా, అగ్గిపెట్టెకన్నా కొంచెం లావుగా ఒక వస్తువు ఉంది. దాన్ని నూలు మీద ఆనించి మీట నొక్కితే, రంగు ఎంతుందో ఫోన్లో అంకె పడుతుంది. రెండు పోగుల మధ్య తేడా ఎంతో కూడా చెబుతుంది.

“ఏం రాసిందో చదువమ్మా,” అన్నాడు పెద్దాయన. “నా దగ్గర దాచడమెందుకు?”

ఆమె మెల్లగా చదివింది. ఆ తివాచీలావిడ మర్యాద తెలిసిన మనిషి. ‘మీరు పంపిన మొదటి మూడు విడతలు ఒకే తొట్టిలోంచి ఒకేసారి తీసినట్టున్నాయి. నాలుగోది కొంచెం లేత. ఐదోది ఇంకా లేత. మీ పెద్దాయన కన్ను మీద నాకు ఎప్పటికీ గౌరవమే. అయినా ఇకనుంచి పంపేముందు దీంతో ఒకసారి చూసి పంపండి. ఇది నా కానుక అనుకోండి. పెట్టెలు చేరిన మర్నాడు నాలుగింటికి ఫోన్ చేస్తాను. సరైన నూలు వస్తుందని మీరు మాటిస్తే మగ్గం అలాగే ఉంచుతాను. లేకపోతే నేసిన సగం విప్పేసి, నూలు వేరే చోట చూసుకోవాలి.’

పెద్దాయన ఆ యంత్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, చచ్చిన పురుగును చూసినట్టు చూశాడు.

“ఇది నాకు రంగు చెబుతుందట! తాతకు దగ్గులు నేర్పినట్టే ఉంది.” దాన్ని పెట్టె మీదకు విసిరేశాడు. “ఇద్దరూ వినండి. ఇది నా తొట్టి దగ్గరికి వచ్చిన రోజున నేను చేతులు కడుక్కుని లేస్తాను. మళ్లీ ముంచను. మీ అమ్మ మీద ఒట్టు.”

ఆ అమ్మ పోయి ఐదు నెలలైంది. ఆ ఇంట్లో ఆవిడ మీద ఒట్టు పెట్టడం అదే మొదటిసారి.

పెద్దాయన పెట్టెలు దాటుకుంటూ పెరట్లోకి వెళ్లి, రంగులద్దే కొట్టు తలుపు గడియ వేసుకున్నాడు.

*

వంటింట్లో మధ్యాహ్నం పళ్లేలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

“ఆయన కన్ను పోయింది,” అన్నాడు కొడుకు. “కుండ బద్దలు కొట్టినట్టు నువ్వే చెప్పు. నీ మాటైతే వింటాడు.”

“నేనెందుకు చెప్పాలి? మీ నాన్న.”

“నీ మామగారు కాదా?”

“మామగారు కాబట్టే చెప్పలేను. నా పెళ్లి శాలువా తెచ్చి చూపించనా? ఆరేళ్లయింది. ఇప్పటికీ దాన్ని చూసి ఎవరు అద్దారని అడగని మనిషి లేడు. అది ఆయన కన్ను కాదా?”

“అది ఆరేళ్ల కిందటి మాట. మొన్న నా చొక్కా తొడుక్కుని వీధిలోకి పోయాడు. ఆకుపచ్చదీ బూడిదరంగుదీ తెలియలేదు ఆయనకి.”

“చొక్కాకేముంది. పరధ్యానం.”

“నిజం ఒప్పుకోవడానికి నీకెందుకంత భయం?”

ఆమెకి నిజంగానే భయం వేసింది. రెండేళ్ల కిందట ఈ ఇంటి నూలుని ఫోనులో పెట్టి దేశాలు దాటించింది ఆమే. ఫొటోలు తీసిందీ, పేజీ రాసిందీ ఆమే. ‘ఈ ఇంట్లో కొలతలు లేవు. ఒక మనిషి కన్నే కొలత’ అని రాసింది. పైన పెద్దాయన బొమ్మ: తొట్టి మీదకు వంగి, నుదురు ముడిచి, తడి నూలును వెలుతురుకు ఎత్తి పట్టుకున్న బొమ్మ. ఆ బొమ్మ చూసే తివాచీలావిడ మొదటి ఉత్తరం రాసింది. ఇవాళ ఆ కన్నే లేదంటే, పేజీలో మిగిలేది ఏముంది?

“యంత్రం చెబుతుంది, మనిషెవరైనా ముంచుతాడు,” అన్నాడు కొడుకు. “నాన్న కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటాడు. అందులో తప్పేముంది?”

“ఆయన ఎన్ని రోజులు చదువుతారు ఆ పేపరు? మీరే చెప్పండి.”

వాడు పళ్లెం ముందుకు తోసి లేచాడు. ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరికీ ఆయనంటే ప్రాణమే. పోట్లాటలన్నిటికీ ఇలాంటి ప్రేమలే పెట్టుబడి మరి.

గుమ్మం దగ్గర ఆగి అన్నాడు: “పెట్టెల్లో నూలు మీద ఆ యంత్రం పెట్టి చూశాను. మొదటి విడతకీ దీనికీ తేడా నాలుగు. ఒకటి లోపుంటే మనిషి కంటికి ఆనదట. నాలుగంటే గుడ్డివాడికి తప్ప అందరికీ ఆనుతుంది.”

అన్నాక గానీ ఏమన్నాడో వాడికి తెలియలేదు. నాలిక కరుచుకుని వెళ్లిపోయాడు.

ఆమె అక్కడే నిలబడిపోయింది. యంత్రమే తప్పు చెబుతోందేమో! ఎవరో పంపిన వస్తువుని నమ్మి ఇంటి మనిషిని అనుమానించడమేమిటి? దాన్ని పరీక్షించాలంటే ఒక దారి ఉంది. అత్తయ్య ప్రతి విడత నుంచీ ఒక పోగు తీసి దాచడం తను చూసింది. అవి ఉంటే, పాత పోగుల మీద యంత్రం పెట్టి చూడొచ్చు. మామయ్య కన్ను ఎప్పుడూ తప్పలేదని అంకెల్లోనే తేల్చి, ఆ అంకెలు మొగుడి మొహాన కొట్టొచ్చు.

పాపం, ఆమె వెళ్లింది మామగారిని గెలిపించడానికే.

*

అత్తయ్య అలమార ఐదు నెలలుగా ఎవరూ తెరవలేదు. తీయగానే సబ్బు వాసనా, నీలిరంగు పులిసిన వాసనా కలిసి వచ్చాయి. చీరల వెనకాల పాత దిండు గలీబు ఒకటి, చుట్టచుట్టి ఉంది.

అందులో బారలు బారలుగా ఒక లావుపాటి దారం. దారం పొడుగునా వేలెడు వేలెడు ఉన్ని పోగులు కట్టి ఉన్నాయి, అన్నీ ఈ ఇంటికి పేరు తెచ్చిన వంకాయ రంగువే. ఆవిడకి చదువు రాదు. ఏడాది మారినప్పుడల్లా పాత చొక్కా గుండీ ఒకటి దారానికి కట్టేది. అదే ఆవిడ క్యాలెండరు.

వంకాయ రంగు తేలిగ్గా రాదు. ముందు ఎర్రగా అద్దిన నూలుని నీలి తొట్టిలో ముంచాలి, పిండాలి, గాలికి పట్టాలి, మళ్లీ ముంచాలి. ఒకరోజు ఐదు మునకలకు వస్తుంది, ఒకరోజు ఎనిమిదైనా రాదు. లెక్క పనికి రాదు. ఎక్కడ ఆపాలో కన్ను చెప్పాలి.

కోడలు కిటికీ దగ్గర కూర్చుని, దారం పాత కొస నుంచి చూడటం మొదలుపెట్టింది. ప్రతి పోగుకీ కింద ఒక ముడి ఉంది. మొదటి పోగుతో పోల్చి యంత్రం పెట్టి చూస్తే తేడా సున్నా చిల్లర. మళ్లీ పెట్టింది. సున్నా చిల్లర. పదేళ్లు, పదిహేనేళ్లు, అన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి.

“చూశావా!” అంది పైకే. గదిలో ఎవరూ లేరు.

తర్వాత ఒకచోట నుంచి పోగులు జంటలయ్యాయి. ప్రతి విడతకీ రెండు. ఒకదానికి ఒక ముడి, రెండోదానికి రెండు ముళ్లు.

ముందు అర్థం కాలేదు. రెండిటి మీదా యంత్రం పెట్టింది. ఒక ముడిది కొంచెం లేత, తేడా ఒకటిపైన. రెండు ముళ్లది సరిగ్గా ఉంది. తర్వాతి జంట, ఆ తర్వాతి జంట అన్నీ అంతే. ఇటు వచ్చేకొద్దీ ఒక ముడి పోగు లేతబారుతోంది. రెండు, రెండున్నర, మూడు. రెండు ముళ్ల పోగు మాత్రం ఎక్కడా కదల్లేదు.

ఆఖరి జంట దగ్గర తేడా మూడుపైన. ఆ తర్వాత దారం ఖాళీ. కొసన సూది అలాగే గుచ్చి ఉంది. గత రెండు విడతలకీ పోగులు లేవు. కట్టడానికి మనిషి లేదు.

అప్పుడు అర్థమైంది.

పెద్దాయన చివరి నూలు చుట్ట, అదే ఆఖరి చిలప, తొట్టిలోంచి తీసి, వెలుతురుకు పట్టి చూసి, ‘చాలు’ అనేవాడు. అత్తయ్య వెంటనే అనేది, ‘మీరెళ్లి టీ తాగి రండి, నేను తొట్టి మూస్తాను.’ ప్రతిసారీ అదే మాట. తొట్టి మూయడానికి అరగంట ఎందుకని ఈ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. మోచేతుల దాకా నీలం పట్టిన ఆవిడ చేతులు చూసి ఒకసారి తనే అడిగింది. ‘రంగులింట్లో చేతులకి రంగు అంటక పాలంటుతాయా?’ అని నవ్వేసింది ఆవిడ.

ఆయన ‘చాలు’ అన్న చోట ఒక పోగు తీసుకునేది. ఆయన వెళ్లాక ఇంకొక్క మునక వేసి, మరో పోగు తీసుకునేది. ఒక ముడి ఆయనది. రెండు ముళ్లు ఆవిడవి.

కోడలు గుండీలు లెక్కపెట్టింది. జంటలు మొదలై తొమ్మిదేళ్లు.

ఫోను తీసి పేజీలో పెట్టిన బొమ్మ అసలు ఫొటో వెతికింది. దొరికింది. తొట్టి మీద వంగిన పెద్దాయన పక్కన, బొమ్మ అంచున, ఒక చెయ్యి ఉంది. తొట్టి అంచు పట్టుకుని ఎదురుచూస్తున్న చెయ్యి, మోచేతి దాకా నీలంగా. బొమ్మకి అడ్డొస్తోందని దాన్ని కత్తిరించింది తనే. ‘అత్తయ్యా, కొంచెం పక్కకి’ అని కూడా అని ఉంటుంది, గుర్తులేదు. ఆవిడ పక్కకి జరగడం మాత్రం గుర్తుంది.

అలమార తలుపుకి తల ఆనించి ఏడ్చింది. ఆవిడ పోయిన రోజు కూడా ఇంతగా ఏడవలేదు.

సాయంత్రం మొగుడు వచ్చి అడిగాడు. “ఏమైంది? యంత్రం పట్టుకెళ్లావుగా, ఏం చెప్పింది?”

“చార్జింగ్ అయిపోయింది,” అంది ఆమె, అటు తిరిగి.

*

మర్నాడు కొత్త విడత. కొడుకు అట్టపెట్టెల కోసం బజారుకి వెళ్లాడు. కోడలు ఎన్నడూ లేంది రంగుల కొట్టులోకి వచ్చి, అత్తయ్య కూర్చునే పీట మీద కూర్చుంది. దిండు గలీబు తువాలు కింద దాచింది. యంత్రాన్ని తేలేదు. ఒట్టు ఒట్టే.

పెద్దాయన ఆమెని చూసి ఏమీ అనలేదు. నిన్నటి అరుపులన్నీ ఎక్కడికి పోయాయో, మాటామంతీ లేకుండా ముంచుతున్నాడు. ముంచి, పిండి, గాలికి పట్టి, మళ్లీ ముంచి. ఆ చేతుల్లో ఇప్పటికీ తడబాటు లేదు. ఆరో మునక తర్వాత నూలుని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. నుదురు ముడిచాడు, సరిగ్గా బొమ్మలోలాగే.

“చాలు,” అన్నాడు.

చేతులు కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. ఎందుకో కాస్త ఆగాడు.

కోడలు గొంతు సవరించుకుంది. “మీరెళ్లి టీ తాగి రండి మామయ్యా. నేను తొట్టి మూస్తాను.”

ఆయన వీపు ఒక్క క్షణం బిగుసుకుంది. వెనక్కి చూడలేదు. గుమ్మం దాటి వెళ్లిపోయాడు.

ఆమె గలీబులోంచి దారం తీసింది. రెండు ముళ్ల పోగు ఒకటి నీళ్లలో తడిపి, చిలప పక్కన పెట్టి చూసింది. తేడా కొట్టొచ్చినట్టు ఉంది. చీర కుచ్చెళ్లు దోపుకుని, గాజులు పైకి తోసి, చిలపలు ఒక్కొక్కటే తొట్టిలో ముంచింది. ముంచి తీసింది. పిండింది. నీళ్లు ధారగా తొట్టిలో పడుతున్నాయి. ఉన్ని మీద ముందు పచ్చటి ఛాయ తేలి, గాలి తగిలేకొద్దీ ముదిరి వంకాయ రంగులోకి దిగింది. మళ్లీ పక్కన పెట్టి చూసింది. కలిసింది.

అత్తయ్యా, కలిసింది, అనుకుంది మనసులో.

“గట్టిగా పిండేస్తున్నావమ్మా. మీ అత్తయ్య అంత గట్టిగా పిండేది కాదు.”

పెద్దాయన గుమ్మంలో ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు ఉంది, అందులో టీ నిండుగా ఉంది.

కోడలు చేతులు వెనక్కి పెట్టుకుంది. మోచేతుల దాకా నీలంగా ఉన్న చేతులు వెనక్కి పెట్టుకుని ఏం లాభం?

“మామయ్యా, నేను ఊరికే...”

“ఊరికే ఎవరూ ముంచరులే.” ఆయన వచ్చి తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. “రెండేళ్ల కిందట ఒకరోజు టీ కొట్టు మూసేసి ఉంది. తొందరగా తిరిగొచ్చేశాను. మీ అత్తయ్య మోచేతుల దాకా తొట్టిలో ఉంది. నన్ను చూళ్లేదు. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్లిపోయాను.”

“మీకు తెలుసా?”

“ఆ తర్వాత టీ కొట్టుదాకా వెళ్లడం మానేశాను. వంటింట్లోంచి గ్లాసు తెచ్చుకుని ఆ గోడవతల నిలబడేవాణ్ణి. పిండిన నీళ్లు పడే చప్పుడు వినబడేది. అది ఆగాక వంద లెక్కపెట్టి, దగ్గుకుంటూ లోపలికి వచ్చేవాణ్ణి. ఏమీ ఎరగనట్టు ‘బాగా వచ్చిందే’ అనేవాణ్ణి. ‘మీ కన్ను కదా, రాక చస్తుందా’ అనేది.”

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూడలేక కోడలు తొట్టి వైపు తిరిగింది.

“ఒక్కసారైనా అడగలేదా మామయ్యా?”

“ఏమని అడగను? నా చూపు పోయిందా అనా? అడిగితే అవునంటుంది. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.”

ఆమె పెదవి కొరుక్కుంది.

“మరి ఈ రెండు విడతలూ? అత్తయ్య లేరని తెలిసి కూడా...”

గ్లాసులో టీ మీద మీగడ కట్టింది.

“ఇంకో మునక వెయ్యాలని నాకు తెలుసు. తెలిసీ ‘చాలు’ అని లేచి, గోడవతలకి పోయి నిలబడ్డాను. చప్పుడు రాలేదు. వస్తుందనుకునేంత మతి పోలేదు నాకు. కాని ఆ మునక ఆవిడది. అది నేను వేసేస్తే ఆవిడ పని అయిపోయినట్టే. మనిషి ఎలాగూ లేదు, పని కూడా లేకుండా చెయ్యడానికి నాకు చేతులు రాలేదమ్మా. మీ వ్యాపారం పాడు చేశాను. తెలిసే పాడు చేశాను.”

“మరి నిన్న అంత రభస ఎందుకు చేశారు?”

“అరవకపోతే ఏడవాలి కదా. వాడి ముందు ఏడవనా?”

కోడలి కళ్లు జలజలా కారాయి. తుడుచుకోవడానికి చేతులు పనికిరావు, భుజానికి రాసుకుంది.

“ఏడవకు,” అన్నాడాయన. గొంతులో ఏదో తేలికపడింది. “రాత్రంతా ఆలోచించాను. నాలుగింటికి ఆవిడ ఫోన్ చేస్తుంది కదా, నేనే మాట్లాడతాను. నువ్వు నా మాటలు ఆవిడ భాషలో చెప్పు. మా పేజీలో తప్పుంది, గత రెండేళ్లు కన్ను నాది కాదు మా ఆవిడది అంటాను. యంత్రం కూడా పెట్టుకుందాం. ఒట్టు సంగతి మీ అత్తయ్యతో నేను చూసుకుంటాను. ముప్పై ఎనిమిదేళ్లలో రెండేళ్లేగా తను మోసింది. మిగతా ముప్పై ఆరేళ్లూ నా కన్నే. అదేం తక్కువా? అది చాలు నాకు, హాయిగా పేపరు చదువుకుంటాను.”

కోడలు కక్కలేక మింగలేక నిలబడింది. తువాలు పక్కకి తప్పుకుని గలీబు బయటపడి ఉందని అప్పుడు చూసుకుంది. ఆయనా చూశాడు.

“అది మీ అత్తయ్య దిండుది కదూ? ఏముంది అందులో?”

“ఏం లేదు మామయ్యా. పాత పోగులు.”

“పోగులు దాచేదా? ఇలా తే.” ఆయన మొహం వెలిగింది. “ఎలా గుర్తుపెట్టుకునేది? రాయడం రాదుగా.”

చెప్పక తప్పలేదు. “ఏడాదికో గుండీ. మీరు చాలన్నప్పటి పోగుకి ఒక ముడి. తను ముంచాక తీసినదానికి రెండు.”

“పిచ్చిది,” అన్నాడు ప్రేమగా. “ఎంత తక్కువైందో తెలిస్తే గాని మళ్లీ ఎంత ముంచాలో తెలియదు. అందుకు దాచుకుని ఉంటుంది.” చెయ్యి చాపాడు. “ఒక్కటి చూపించమ్మా. నాదంటూ నేను చేసిన ఆఖరిది. తను ఇంకో మునక వెయ్యక్కర్లేకపోయిన ఆఖరి విడత. రెండేళ్ల కిందటిదై ఉంటుంది. అది పట్టుకుని ఆవిడతో మాట్లాడతాను.”

కోడలు మోకాళ్ల మీద కూర్చుంది. దారం ఒళ్లో పరుచుకుంది. రెండో గుండీ దగ్గర అన్నీ జంటలే. మూడో దగ్గర, నాలుగో దగ్గర కూడా. ఆయన అడిగినది తొమ్మిదో గుండీకి అవతల ఉంది. అక్కడి నుంచి తీసి ఇస్తే గుండీలు లెక్కపెడతాడు. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. రెండో గుండీ పక్కన జంటలోంచి, రంగు బాగున్న పోగు ఒకటి తెంపి ఆయన చేతిలో పెట్టింది.

“ఇదే మామయ్యా.”

ఆయన దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. “బాగుంది,” అన్నాడు. “ఎంత బాగుంది! చూశావా, అప్పటికింకా...”

మాట్లాడుతూనే బొటనవేలితో పోగుని కొస దాకా నిమిరాడు. వేలు ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చి, అక్కడే ఆగింది.

“దీనికి రెండు ముళ్లున్నాయమ్మా.”

కోడలు ఒళ్లోని దారాన్ని గలీబులోకి తోయబోయింది.

“చూపు లేదు గాని వేళ్లున్నాయిగా నాకు.” ఆయన గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది. “అది ఇలా తే. నాది నేనే వెతుక్కుంటాను.”

“వద్దు మామయ్యా. ఇప్పుడెందుకు? నాలుగవుతోంది.”

“తే అమ్మా.”

దారం ఆయన చేతికి ఇచ్చేసింది. సూది గుచ్చి ఉన్న కొస నుంచి ఆయన వేళ్లతో చదవడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు. ఒకటి, రెండు. జంట వెనక జంట. మొదటి గుండీ వచ్చింది. రెండోది వచ్చింది. అక్కడ కాసేపు ఆగి, దాని చుట్టుపక్కల జంటలన్నీ మళ్లీ మళ్లీ తడిమాడు. ఎక్కడైనా ఒంటరి పోగు తప్పిపోయిందేమోనని చూశాడు. లేదు. వేళ్లు ముందుకు కదిలాయి.

మూడో గుండీ, నాలుగో గుండీ దాటాయి. కోడలు చేతులకి నీలం ఆరి బిగుసుకుంటోంది. లేచి ఆ దారం లాక్కోవాలనిపించింది. లేవలేకపోయింది.

ఆరో గుండీ దగ్గర ఆయన వేళ్లు ఒక జంటను పట్టుకుని నలిపాయి. మిగతావాటి కన్నా సన్నటి ఉన్ని.

“ఇది శాలువా నూలు. నీ పెళ్లి శాలువా కదూ?”

ఆ శాలువాను ఆ రోజు ఆయనే స్వయంగా ఆమె భుజాల మీద కప్పాడు. ఇది నా కన్ను, నీకిస్తున్నాను అని అందరి ముందూ అన్నాడు. వెనకాల నిలబడి అత్తయ్య చప్పట్లు కొట్టింది.

“అవును మామయ్యా,” అంది.

“దీనికీ రెండే.”

హాల్లో పెట్టెల మీద పెట్టి వచ్చిన ఫోను మోగింది. నాలుగైంది. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగడం మొదలుపెట్టింది. ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు. మూడోసారి మోగినప్పుడు ఆయన తలెత్తకుండానే అన్నాడు.

“వెళ్లి ఎత్తమ్మా. ఆవిణ్ణి కాస్త ఆగమని చెప్పు. ఇంకా నాది రాలేదు.”

ఆయన వేళ్లు ఏడో గుండీ దాటుతున్నాయి.